లైఫ్‌లైన్ ఫోన్ సర్వీసు: కాల్స్ బాగానే ఉన్నాయి, కాగితాలే కష్టం

ప్రభుత్వమే అందరికీ ఫోన్ ఉచితంగా ఇవ్వాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఫోన్ బిల్లులో సాయం చేసే లైఫ్‌లైన్ పథకం పేరు వినిపిస్తుంది. 1985లో రీగన్ హయాంలో ల్యాండ్‌లైన్ బిల్లు మీద తగ్గింపుగా మొదలైంది, సెల్‌ఫోన్లు తర్వాత వచ్చి చేరాయి. జనం దాన్ని ‘ఒబామా ఫోన్’ అంటారు గానీ, అది పుట్టినప్పుడు ఒబామా రాజకీయాల్లోనే లేడు.

డబ్బు మన చేతికి రాదు, నెలనెలా కంపెనీకి వెళ్తుంది. డేటా ఉన్న ప్లాన్‌కి 9.25 డాలర్లు, కాల్స్ మాత్రమే అయితే 5.25. ట్రైబల్ భూముల్లో (అక్కడి ఆదివాసుల ప్రాంతాల్లో) ఉండేవాళ్లకి మరో 25 డాలర్ల వరకు కలుస్తుంది. కనీసం ఇవ్వాల్సింది కాల్స్ ప్లాన్‌లో 1000 నిమిషాలు, డేటా ప్లాన్‌లో 4.5 జీబీ. కాల్స్‌కి ఢోకా లేదు. డేటానే పీనాసితనం: రోజుకి 150 ఎంబీ పడుతుంది, వీడియో కాల్ కాస్త సాగితే ఆ రోజు వాటా అయిపోయినట్టే.

హ్యాండ్‌సెట్ ఈ పథకంలో భాగం కాదు. కంపెనీ ఇస్తే అది దాని సొంత ఆఫర్, కాబట్టి నాణ్యత మీద ఆశ పెట్టుకోవద్దు. చేతిలో అన్‌లాక్ అయిన (ఏ కంపెనీ సిమ్ అయినా తీసుకునే) ఫోన్ ఉంటే సిమ్ ఒక్కటే అడగడం మేలు. కాకపోతే అమెరికాలో పెద్ద కంపెనీల 3జీ నెట్‌వర్కులు 2022లో మూతపడ్డాయి. ఫోన్‌లో వోల్టీ (4జీ మీద కాల్ వెళ్లే సదుపాయం) లేకపోతే సిగ్నల్ గీతలు కనిపిస్తాయి, కాల్ మాత్రం వెళ్లదు.

ఇక అర్హత. ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 135 శాతం లోపు ఉండాలి, లేదా ఇంట్లో ఎవరికైనా స్నాప్ (ఆహార సాయం), మెడికెయిడ్ (వైద్య సాయం), ఎస్ఎస్ఐ (పేద వృద్ధులకీ వికలాంగులకీ ఇచ్చే భృతి) లాంటివి అందుతుండాలి. స్నాప్ లాంటి పథకం దారిలో వెళ్తేనే సులువు, చాలాసార్లు కంప్యూటరే సరిచూసుకుంటుంది. ఆదాయం దారిలో అయితే కిందటేడాది ట్యాక్స్ రిటర్న్ గానీ, వరుసగా మూడు నెలల పే స్టబ్‌లు (జీతం రసీదులు) గానీ పెట్టాలి. పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలు అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్న మనవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఇంటికి ఒక్కటే కనెక్షన్. ఒకే చిరునామాలో రెండు కుటుంబాలు ఉండి ఖర్చులు వేరువేరుగా పెట్టుకుంటుంటే ఆ సంగతి చెప్పే హౌస్‌హోల్డ్ వర్క్‌షీట్ అనే ఫారం నింపాలి, లేదంటే రెండో అర్జీ తిరస్కరిస్తారు. కాలిఫోర్నియాలో పద్ధతి వేరు, రాష్ట్రం కూడా కొంత కలిపి ఇస్తుంది.

అంతా అయ్యాక కూడా ఒక చిన్న నిబంధన వల్ల లైన్ తెగొచ్చు. నెల నెలా బిల్లు లేని ప్లాన్ అయితే 30 రోజుల్లో ఒక్కసారైనా ఫోన్ వాడాలి. వాడకపోతే 15 రోజుల గడువిచ్చి తీసేస్తారు. కాల్ చేయడం, మెసేజ్ పంపడం, డేటా వాడటం, కంపెనీది కాని కాల్ ఎత్తడం, ఇలాంటివి లెక్కలోకి వస్తాయి. మెసేజ్ ఊరికే వచ్చి పడితే లెక్క కాదు. అత్యవసరానికని సొరుగులో దాచిపెట్టుకునే పెద్దవాళ్ల ఫోన్లకి ఈ నిబంధనతోనే ముప్పు. వారానికో మెసేజ్ పంపిస్తే చాలు. ఏడాదికోసారి అర్హత మళ్లీ చూపించాలి కూడా, ఉత్తరం వచ్చాక 60 రోజుల్లో జవాబు ఇవ్వాలి. లైన్ తెగినా 911కి (అక్కడి అత్యవసర నంబరు) కాల్ వెళ్తుంది గానీ, వాళ్లు తిరిగి చేయడానికి నంబరు ఉండదు.

మరి ఈ తతంగమంతా తీసేసి అందరికీ ఇచ్చేస్తే? చిక్కు డబ్బు దగ్గరుంది. లైఫ్‌లైన్ నడిచేది యూనివర్సల్ సర్వీస్ ఫండ్‌తో. రాష్ట్రం దాటిన కాల్స్, విదేశీ కాల్స్ మీద కంపెనీలకి వచ్చే ఆదాయంలోంచి కట్టించుకుంటారు, కంపెనీలు దాన్ని మిగతావాళ్ల బిల్లులో వేస్తాయి. ఆ వాటా ఇటీవలి ఏళ్లలో 30 శాతం దాటింది. అంటే ఇప్పుడు బిల్లు కట్టేవాళ్లే లేనివాళ్ల ఫోన్ మోస్తున్నారు. అందరికీ ఉచితమైతే బిల్లే ఉండదు, ఆ నిధీ ఎండిపోతుంది. నేరుగా పన్నుల్లోంచి ఇవ్వాలి, అప్పుడు ఏటా బడ్జెట్ దయ. అలా బడ్జెట్ నిధులతో ఇంటర్నెట్‌కి నెలకి 30 డాలర్ల వరకు ఇచ్చిన ఏసీపీ (అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్) పథకంలో 2 కోట్ల 30 లక్షలకి పైగా కుటుంబాలుండేవి. అమెరికా కాంగ్రెస్ (అక్కడి చట్టసభ) మళ్లీ నిధులు ఇవ్వకపోవడంతో 2024 జూన్‌లో ఆగిపోయింది.

అందరికీ అనుకుంటే ఆస్ట్రేలియా చేసింది నయమనిపిస్తుంది. 2021 ఆగస్టు నుంచి అక్కడి ఫోన్ కంపెనీ టెల్‌స్ట్రా వీధి ఫోన్ల నుంచి, అప్పటికి సుమారు 15,000, దేశంలో మామూలు ల్యాండ్‌లైన్, మొబైల్ నంబర్లకి కాల్స్ ఉచితం. అర్జీ లేదు, అర్హత లేదు. ఎత్తి నంబరు నొక్కడమే. 2021లో మొదలైనప్పుడు విదేశీ కాల్స్‌కి మాత్రం ఈ ఉచితం వర్తించలేదు.