ముద్ర పడని బిళ్ళలు కొనేవాళ్ళకు 200 గ్రాముల పాకెట్ తూకం ఎంతవరకు పనికొస్తుంది?

ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద, చార్మినార్ చుట్టుపక్కల, పాత నాణేల కుప్పలో ఒక్కోసారి బొమ్మా అక్షరమూ లేని ఉత్త బిళ్ళ కనిపిస్తుంది. "మింట్ ఎర్రర్ సార్, బ్లాంక్" అంటారు, అంటే టంకశాలలో పొరపాటున ముద్ర పడకుండా బయటికొచ్చిన బిళ్ళ అని. కొనే ముందు అక్కడే తూచుకోవాలి. కోఠీ గుజరాతీ గల్లీలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే పాకెట్ తూకాల్లో 200 గ్రాముల వరకు తూగి, 0.01 గ్రాము చూపించే రకం ఈ పనికి చాలు. 0.1 చూపించే వంటింటి స్కేలు వద్దు.

అచ్చు దెబ్బ తగిలితే లోహం తరగదు. అందుకే అసలు బిళ్ళ, నాణెం ఒకే బరువు తూగాలి. 2011 సిరీస్‌లో రూపాయి 3.79 గ్రాములు, రెండు రూపాయలు 4.85, ఐదు రూపాయలు 6. బొమ్మ పోయేదాకా అరగదీసిన నాణెమైతే కనీసం 0.2, 0.3 గ్రాములు తక్కువ తూగుతుంది. బజారులో దొరికే 1.2 ఎం.ఎం. స్టీలు షీటులోంచి ఆ రెండు రూపాయల సైజులో, అంటే 25 ఎం.ఎం. బిళ్ళ కోస్తే నాలుగున్నర దాటి కొంచెం పైన ఆగుతుంది తప్ప 4.85కి రాదు. ఈ తేడాలన్నీ ఈ తూకం బాగానే పట్టిస్తుంది.

అయితే వాడే పద్ధతి తెలియాలి. ఈ తూకాలు సున్నా దగ్గర చిన్న చిన్న మార్పులను తమంతట తామే మింగేస్తాయి. అందుకని 20 గ్రాముల గుండు ముందే పళ్ళెంలో పెట్టి, సున్నా చేయకుండా ఆ అంకె గుర్తుపెట్టుకుని, దాని మీద బిళ్ళ పెట్టి, రెండు అంకెల తేడా తీసుకోండి. బిళ్ళ తీసి మళ్ళీ పెట్టి చూడండి. మూడుసార్లూ 0.02 లోపే తేడా ఉంటే ఆ అంకెను నమ్మొచ్చు. తూకాన్ని సరిచూసి సరిదిద్దుకోవడానికి (కాలిబ్రేషన్‌కి) కావాల్సిన 100 గ్రాముల గుండు చాలా బాక్సుల్లో ఉండదు, విడిగా కొనాల్సిందే. ఫ్యాన్ గాలి తగిలినా, బల్ల వాలుగా ఉన్నా, సెల్స్ నీరసించినా అంకె జారుతూనే ఉంటుంది. పేవ్‌మెంట్ మీద తూచేటప్పుడు మూత తిరగేసి బిళ్ళ మీద బోర్లించి గాలి తగలకుండా చూడాలి. మూత పళ్ళేనికి తగలకూడదు. నాసిరకం వాటిలో మూత సరిగ్గా ఇక్కడే తగులుతుంది. కొనేటప్పుడే ఇది చూసుకోండి.

అంకె కుదిరినంత మాత్రాన బిళ్ళ అసలుదని కాదు. తూకం తప్పుడు సరుకును పక్కన పెట్టిస్తుంది, అంతే. తోడుగా ఒక అయస్కాంతం, అడ్డుకొలత చూసే ఒక వెర్నియర్ ఉండాలి. మన స్టీలు నాణేలు ఫెర్రిటిక్ అనే రకం స్టెయిన్‌లెస్, అయస్కాంతానికి అంటుకుంటాయి. గిన్నెలకు వాడే 304 రకం అంటుకోదు. అయస్కాంతాన్ని మాత్రం తూకానికి దూరంగా పెట్టండి, అంకె చెడుతుంది. అచ్చుకు సిద్ధంగా అంచు లేపిన బిళ్ళను ప్లాంచెట్ అంటారు. అది అచ్చు వేసేటప్పుడు చుట్టూ ఉండే కాలర్ అనే కడియంలో పడాలి కాబట్టి నాణెం కంటే వెంట్రుకవాసి చిన్నదిగా ఉంటుంది. రెండు రూపాయల ప్లాంచెట్ అని చూపించే బిళ్ళ నిండుగా 25 ఎం.ఎం. కొలిస్తే అరగదీశారేమోనని అనుమానించండి. అంచు లేవని తొలి రకం బ్లాంక్‌ను భూతద్దంలో చూస్తే, ఒక వైపు మూల కాస్త గుండ్రంగా, రెండో వైపు పదునుగా ఉంటుంది. పంచ్ దిగిన జాడ అది. రెండు వైపులా ఒకేలా నున్నగా ఉంటే లేత్ పనేమో చూడాలి.

తూకం అస్సలు తేల్చలేనివీ ఉన్నాయి. 1992 నుంచి 2010 దాకా వచ్చిన స్టీలు రూపాయీ, 2011 సిరీస్ రెండు రూపాయలూ రెండూ 25 ఎం.ఎం., 4.85 గ్రాములే. ఉత్త బిళ్ళను చూసి ఏ నాణెమో చెప్పలేం. "ఇది మన చర్లపల్లి మింట్‌ది" అని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. హైదరాబాద్ టంకశాల గుర్తైన నక్షత్రం తేదీ కింద అచ్చు వేస్తేనే పడుతుంది, ఈ బిళ్ళ అచ్చు ముఖమే చూడలేదు. పైగా సేలం స్టీల్ ప్లాంట్ లాంటి చోట్ల కోసిన బిళ్ళలు కూడా టంకశాలలకు వెళ్తాయి. "లోపలి మనిషి తెచ్చాడు" అనే బిళ్ళ జోలికి అసలు పోవద్దు, అది దొంగసొత్తు.

ఈ తూకానికి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. ఒకటి తగ్గించింది ఆటో ఆఫ్ వల్ల. బేరం సాగుతుండగా ఆరిపోతుంది, గుండు తూకం మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి. కొంటే ఆటో ఆఫ్ తీసేయగలిగే మోడల్ చూసి కొనండి, స్పేర్ సెల్స్ ఒక జత సంచిలో పడేయండి.