పేరును చెవితో వెతికిన వాళ్లు: ఒక ట్రేడ్‌మార్క్ సేవపై సమీక్ష

గుంటూరులో మా వదినా నేనూ 2016లో ఇంటి వంటగదిలోనే పచ్చళ్లు, పొడులు పెట్టడం మొదలుపెట్టాము. వాటికి మా నాయనమ్మ పేరు పెట్టుకున్నాము. గత వేసవిలో హైదరాబాదు నుంచి ఎన్నాళ్లుగానో మా దగ్గర కొనే ఒకావిడ ఫోన్ చేసి, ఈసారి గోంగూర పచ్చడిలో నూనె మారిందని, మీ చేతి రుచి రాలేదని బాధపడ్డారు. సీసా ఫోటో పంపమని అడిగి చూస్తే అది మాది కాదు. మా పేరులో ఉన్న ధకారం స్థానంలో దకారం పెట్టి, ముందు ‘శ్రీ’ చేర్చి, పక్క జిల్లాలో ఎవరో అమ్ముతున్నారు. దుకాణంలో ఆవిడ పేరు నోటితోనే చెప్పారు, దుకాణదారు చేతికందిన సీసా తీసి ఇచ్చారు, అంతే జరిగింది. ఆ తరువాత మేము విజయవాడలోని ఒక ట్రేడ్‌మార్క్ న్యాయవాది కార్యాలయం సేవ తీసుకున్నాము, ఈ సమీక్ష దాని గురించే. వివాదం ఇంకా నడుస్తున్నందున ఆ కార్యాలయం పేరు గానీ, మా పేరు గానీ, అవతలి వారి పేరు గానీ ఇక్కడ రాయడం లేదు.

వారి దగ్గరికి వెళ్లేలోపే మేము ఒక తప్పు చేసి ఉన్నాము, అది చెప్పకుండా ఈ సేవ విలువ తెలియదు. 2021లో ఇంటర్నెట్‌లో ప్రకటన చూసి, తక్కువ ధరకు మూడు రోజుల్లో దరఖాస్తు వేస్తామన్న ఒక సంస్థకు డబ్బు కట్టాము. దరఖాస్తు సంఖ్య నిజంగానే మూడు రోజుల్లో వచ్చింది, మేము ఆ సంఖ్యను చూసుకుని పేరు మాదైపోయిందని నమ్మాము. వాళ్లు ముందుగా ఎలాంటి వెతుకులాటా చేయలేదు. సరుకులను 34 తరగతులుగా, సేవలను 11 తరగతులుగా విడదీసిన పట్టికలో పొడులు 30వ తరగతిలోకి, పచ్చళ్లు 29వ తరగతిలోకి వస్తాయి, వాళ్లు 30 ఒక్కటే వేశారు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. అప్పటికే అయిదేళ్లుగా అమ్ముతున్న పేరును ‘ఇకముందు వాడబోతున్నాము’ అని నమోదు చేశారు. పేర్లను నమోదు చేసే ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ పంపిన పరీక్ష నివేదికలో దగ్గరి ఉచ్చారణ ఉన్న పేర్లు చూపించి అభ్యంతరం వస్తే, జవాబు ఇవ్వవలసిన 30 రోజుల గడువు సంగతి మాకు తెలియజేయనే లేదు. దరఖాస్తు వదిలివేసినట్లుగా ముగిసిపోయింది.

విజయవాడ కార్యాలయంలో మొదటి రోజు జరిగినది నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. నేను సంచిలోంచి లేబుల్ తీయబోతే ఆ న్యాయవాది వద్దన్నారు. “లేబుల్ తరువాత చూస్తానమ్మా, ముందు పేరు ఒక్కసారి మామూలుగా పలకండి, కొట్లో అడిగినట్టు” అన్నారు. నేను పలికాక తాను ఒక కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, గుమాస్తా చేత ఒకటి, టీ తెచ్చిన కుర్రవాడి చేత ఒకటి రాయించారు. మూడు కాగితాల మీద మూడు వర్ణక్రమాలు వచ్చాయి. ఒకదానిలో ‘హెచ్’ ఉంది, ఒకదానిలో లేదు, మూడవదానిలో చివరి దీర్ఘానికి ‘ఎ’ రెండుసార్లు పడింది. ఆ మూడింటినీ, మరికొన్నింటినీ కలిపి ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో నా ఎదుటే వెతికారు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆ వెతుకులాటలో అక్షరాల వారీగా వెతికేది ఒకటి, ఉచ్చారణ వారీగా వెతికే ఫొనెటిక్ పద్ధతి మరొకటి ఉన్నాయి. బొమ్మల చిహ్నాలకు వియన్నా కోడ్ పద్ధతి వేరే ఉంది. తెలుగులో మనం ద, ధ, ల, ళ, శ, ష, స అని విడివిడిగా రాసుకునేవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కనుక, తెలుగు పేరుకు ఒక్క వర్ణక్రమంతో వెతికి ఊరుకుంటే సగం కూడా వెతికినట్టు కాదని ఆయన చెప్పారు. 29, 30 తరగతులతో పాటు హోటళ్లకు చెందిన 43వ తరగతిలో కూడా చూశారు. మొత్తం గంటన్నర పట్టింది. ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు వేస్తున్నది ఆ గంటన్నరకే.

కోర్టులు కూడా పేర్లను చెవితోనే చూస్తాయని ఆయన చెప్పిన రెండు మూడు పాత కేసుల వల్ల మాకు ధైర్యం వచ్చింది, ఆశకు హద్దు కూడా తెలిసింది. మద్రాసులో ‘శ్రీ అంబాళ్’ పేరుతో నస్యం (ముక్కుపొడుం) అమ్మేవారు ఉండగా, మరొకరు ‘శ్రీ ఆండాళ్’ పేరు ఉన్న గుర్తును నమోదు చేయించుకోబోయారు. అంబాళ్ అంటే పార్వతి అనీ, ఆండాళ్ అంటే రంగనాథుని దేవేరి అనీ తమిళులకు తెలిసిన తేడాయే. అయినా రెండు పేర్లూ వినడానికి మరీ దగ్గరగా ఉన్నాయని, కొనేవాళ్లందరికీ ఆ తేడా తెలియాలని లేదని సుప్రీంకోర్టు 1969లో ఆ నమోదును ఒప్పుకోలేదు. అంతకు ముందే 1962లో ‘అమృతధార’, ‘లక్ష్మణధార’ మందుల కేసులో, కొనేవాడు రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి పోల్చడని, తన మనసులో మిగిలిన అస్పష్టమైన జ్ఞాపకంతోనే కొంటాడని అదే కోర్టు చెప్పింది. కానీ అమృతధార వారు చాలా కాలం చూస్తూ ఊరుకున్నందువల్ల, రెండవవారికి ఉత్తరప్రదేశ్ వరకు నమోదు దక్కింది. ఆ మాట విన్నప్పుడు మా వదిన నా వైపు చూసింది. ఆ సీసాను వేసవిలో చూసి, దసరా వెళ్లేదాకా ఊరుకున్నవాళ్లం మేము.

మాకు అన్నిటికంటే దగ్గరగా తోచినది నందిని కేసు. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి పాలకు ‘నందిని’ అని వాడుతుంటే, బెంగళూరులో ఆంధ్ర భోజనానికి పేరుపొందిన ‘నంధిని డీలక్స్’ హోటలు 1989 నుంచి నడుస్తోంది. ఇక్కడా ఇంగ్లీషులో ఒక్క ‘హెచ్’ అక్షరమే తేడా. అయినా 2018లో సుప్రీంకోర్టు, సరుకులు వేరు, లేబుళ్ల రూపం వేరు, నందిని అనేది ఒక దేవత పేరు, ఒక ఆవు పేరు కూడా కనుక అది ఎవరో కల్పించిన మాట కాదు అని చెప్పి, పాలు, పాల ఉత్పత్తులు మినహా హోటలు వారికే అనుకూలంగా తీర్పు ఇచ్చింది. మా నాయనమ్మ పేరు కూడా దేవత పేరే. అందువల్ల పేరు ఒక్కటే పెట్టుకుంటే రక్షణ బలహీనంగా ఉంటుందని, పక్కన మా ఇంటిపేరునూ, నాయనమ్మ రోకలి పట్టుకున్న బొమ్మనూ చేర్చి మరో దరఖాస్తు కూడా వేద్దామని న్యాయవాది సూచించారు. పేరు తప్పక గెలుస్తుందని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. డబ్బు తీసుకునే మనిషి అలా నిజం చెప్పడం నాకు గౌరవం కలిగించింది.

పాత దరఖాస్తును ఎందుకు సరిదిద్దకూడదని అడిగాను. ఆ దరఖాస్తు ముగిసిపోయిందని, కొత్తగా వేయడమే దారి అని చెప్పారు. ముందు నుంచి వాడుతున్నామని చెప్పే దరఖాస్తుకు ప్రమాణపత్రమూ ఆధారాలూ జతచేయాలి. ఈ ఆధారాల వేటకు ఆ కార్యాలయం మాకు పదిహేను రోజులు సాయం చేసింది. మేము భద్రంగా దాచిన పార్సిల్ రసీదులు వేడికి అక్షరాలు వచ్చే పల్చటి కాగితం మీదివి, అన్నీ తెల్లగా అయిపోయాయి. చివరికి పనికొచ్చినది 2016 శ్రావణమాసంలో మొదటి 500 లేబుళ్లు అచ్చువేసిన ప్రింటింగ్ ప్రెస్ వారి బిల్లు. దాని మీద మా పేరు, తేదీ, ‘పచ్చళ్ల లేబుల్’ అన్న మాట సిరాతో చేత్తో రాసి ఉన్నాయి. ఆహార లైసెన్సు మీద పేరు ఉంది కదా, జీఎస్టీ కాగితం మీద ఉంది కదా అని మేము ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాము. అవి వ్యాపారం నడుస్తోందని చెప్పే సాక్ష్యాలే తప్ప పేరు మీద హక్కు ఇచ్చే కాగితాలు కావు. ముందు నుంచి వాడుతున్నవారి హక్కు ఎంత గట్టిదో తిరునెల్వేలి ‘ఇరుట్టుకడై’ హల్వా కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలివారి చేతిలో నమోదు ఉన్నా, ముందు వాడినవారి హక్కే పైదని ఆ తీర్పు సారం.

ఖర్చు సంగతి. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న వ్యాపారం కనుక ఆన్‌లైన్ దరఖాస్తుకు ఒక్కో తరగతికి ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు. ఆ నమోదు లేని కంపెనీలకైతే 9,000. న్యాయవాది రుసుము వేరు, దానిని ముందే కాగితం మీద రాసి ఇచ్చారు. దరఖాస్తు చెన్నై రిజిస్ట్రీకి వెళ్లింది, రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే కార్యాలయం. తెలుగు లిపిలో ఉన్న పేరుకు ఇంగ్లీషు లిప్యంతరీకరణ, అర్థం కూడా ఇవ్వాలి కనుక ఆ ‘హెచ్’ ఎక్కడ పెట్టాలో అరగంట చర్చించి నిర్ణయించారు.

లోపాలు లేకపోలేదు. నమోదు కోరుతున్న పేర్లను ప్రకటిస్తూ ప్రతి సోమవారం వెలువడే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌ను మా తరఫున గమనిస్తామని ఏడాదికి విడిగా రుసుము తీసుకున్నారు గానీ, నివేదిక నెలకొకసారే పంపుతున్నారు. అవతలివారి దరఖాస్తు జర్నల్‌లో పడినప్పుడు మాకు తెలిసేసరికి ఇరవై నాలుగు రోజులు గడిచాయి. ఆ పేరును నమోదు చేయవద్దని వ్యతిరేకత దాఖలు చేయడానికి ఉన్నది ప్రకటన తేదీ నుంచి నాలుగు నెలలే, దానికి పొడిగింపు లేదు. అలాంటప్పుడు నెల నివేదిక చాలదు, వారం వారం రావాలి. వ్యతిరేకతకు ఒక్కో తరగతికి ప్రభుత్వ రుసుము 2,700 రూపాయలని మొదటే చెప్పారు, ఆ తరువాతి దశల్లో తమకు ఎంత ఇవ్వాలో మాత్రం అడిగితే తప్ప చెప్పలేదు. కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఇచ్చారు. నోటితో తెలుగులో ఓపికగా వివరిస్తారు నిజమే, కానీ సంతకం పెట్టేది మా వదిన, ఆమెకు ఇంగ్లీషు రాదు. ప్రతి పత్రానికీ ఒక పేజీ తెలుగు సారాంశం ఇవ్వడం ఆ కార్యాలయానికి పెద్ద శ్రమ కాదు. ఈ విషయం వారికి ఉత్తరంలో కూడా రాశాను.

లీగల్ నోటీసు విషయంలో మాత్రం వారి నిదానాన్ని మెచ్చుకోవాలి. నేను కోపంతో వెంటనే పంపమన్నాను. అవతలివారిది సొంత తల్లి పేరో, భార్య పేరో ముందు కనుక్కుందామని, మన చేతిలో ఇంకా నమోదు లేదు గనుక సరిపడా ఆధారం లేని బెదిరింపు తిరిగి మన మీదకే వస్తుందని వారించారు. నోటీసు పంపింది ఆధారాల కట్ట సిద్ధమయ్యాకే.

అవతలివారి దరఖాస్తుపై మేము వేసిన వ్యతిరేకతకు వారు తమ జవాబును గడువులోపలే దాఖలు చేశారు, దాని ప్రతి పోయిన వారం మాకు అందింది. ఇక రెండు నెలల్లో మా సాక్ష్యాలు ఇవ్వాలి. నిన్న మా వదిన ఆ ప్రెస్ బిల్లును ప్లాస్టిక్ కవరులో పెట్టి, గోంగూర పచ్చడి గురించి ఫోన్ చేసినావిడ ఇచ్చిన రాతపూర్వక వాంగ్మూలాన్ని దాని వెనుక చేర్చి, విజయవాడకు తీసుకువెళ్లింది.