శిక్ష: తెలుగులో దండన, హిందీలో చదువు

ఒకే సంస్కృత పదం, రెండు దారులు. 'శక్' (చేయగలగడం) ధాతువుకు కోరికను తెలిపే రూపం 'శిక్ష్': చేయగలగాలని కోరడం, అంటే నేర్చుకోవడం. ఆరు వేదాంగాల్లో ఉచ్చారణ శాస్త్రం పేరు శిక్ష. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి దాని అంశాలను వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామ (సమంగా పలకడం), సంతానం (పదాలను కలిపి పలకడం) అని చెబుతుంది.

హిందీ, బెంగాలీ ఈ పాత అర్థాన్నే నిలుపుకున్నాయి. దండనకు హిందీలో పారసీ నుంచి వచ్చిన 'సజా' ఉంది. తెలుగు, కన్నడం, మలయాళం, మరాఠీల్లో మాత్రం శిక్ష అంటే దండనే. క్రమశిక్షణలో పెట్టడం నుంచి దండించడానికి దూరం తక్కువ కదా! అయినా మన 'శిక్షణ', 'శిక్షకుడు' పాత అర్థాన్ని వదల్లేదు.

అనువాదకులు జారిపడేది ఇక్కడే. 2024 వరకు అమల్లో ఉన్న 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ (ఐపీసీ) తెలుగులో 'భారత శిక్షాస్మృతి', హిందీలో 'భారతీయ దండ్ సంహితా'. 'సర్వశిక్షా అభియాన్' పేరును మనం హిందీ అర్థంతోనే తెచ్చుకున్నాం. 'అందరికీ విద్య' అని ఉంటే ఎంత హాయిగా ఉండేది! హిందీ 'శిక్షా మంత్రీ'ని విద్యాశాఖ మంత్రి అనే రాయాలి. హిందీ 'శిక్షక్' మాత్రం ఉపాధ్యాయుడు. మన శిక్షకుడు ఆటలో, వృత్తిలో తర్ఫీదు ఇచ్చేవాడు.