రాసిన రోజులూ రాయని రోజులూ: గూగుల్ షీట్స్‌పై సమీక్ష

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర ఉద్యోగం, ఇల్లు సింగ్‌నగర్. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరేలోపు కథలు రాసుకుంటాను, ఇప్పుడు ఒక నవల నడుస్తోంది. ఎంత రాస్తున్నానో చూసుకోవడానికి 2021 నుంచి గూగుల్ షీట్స్ (నెట్‌లో గళ్లు గీసి లెక్కలు వేసుకునే స్ప్రెడ్‌షీటు) వాడుతున్నాను. తెలుగులో రాసేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే ఉచిత సాధనం నాకైతే కనబడలేదు. కానీ పదాలు లెక్కపెట్టుకోవడానికి మాత్రమే అయితే ఇది అక్కర్లేదు.

అంతకుముందు ఫోన్లో ఒక యాప్ ఉండేది. వరసగా ఎన్ని రోజులు రాశామో చూపిస్తుంది, ఒక్కరోజు తప్పితే మళ్లీ సున్నా. ఇంట్లో పెళ్లయినా, మనిషికి జ్వరమొచ్చినా దానికి ఒకటే. అలాంటివి ఉత్సాహం ఇస్తాయనేవాళ్లున్నారు. నా దృష్టిలో అవి హాజరు వేయిస్తాయి, అంతే.

నా షీటులో నేను నింపేవి ఐదే గళ్లు: తేదీ, కూర్చున్న నిమిషాలు, ఫైల్లో మొత్తం పదాలు, ఎక్కడ ఆపాను, ఎందుకు రాయలేదు. ఏ రోజు ఎన్ని పదాలు పెరిగాయో చూపే అంకెను కంటికి కనబడకుండా దాచేశాను. వారం మొత్తం, గత నాలుగు వారాల సగటు మాత్రం పైన కనిపిస్తాయి. SUMIFS (పెట్టిన షరతుకు సరిపోయే అంకెలను మాత్రమే కూడే ఫార్ములా) తెలిసినవాళ్లకు అది పావుగంట పని.

పదాల గడి గురించి కొంచెం చెప్పాలి. నవంబరు నెలలో 50,000 పదాల నవల రాసే నానోరైమో అనే పందెం 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మొదలైంది. రోజుకు 1,667 పదాలు. దాన్ని నడిపిన సంస్థ మూసేస్తున్నట్టు 2025లో ప్రకటించింది గానీ, ఆ అంకెను పట్టుకున్నవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. అది ఇంగ్లిషు రాతకు పెట్టిన కొలత. వర్డ్ కౌంట్ చూసేది మాటల మధ్య ఖాళీలనే. ‘చేసుకోవలసి వచ్చింది’ అని రాస్తే రెండు పదాలు, అదే మా ఉమ్మడి కృష్ణా జిల్లా మనిషి నోట ‘చేసుకోవాల్సొచ్చింది’ అనిపిస్తే ఒకటి. సంభాషణ ఎంత సహజంగా కుదిరితే అంకె అంత తగ్గుతుంది! కాబట్టి మొదటి చిత్తుకి వారానికి 2,000 పదాలని పెట్టుకున్నాను, తిరగరాసే రోజుల్లో నిమిషాలు తప్ప ఏమీ చూడను. బాగా దిద్దిన రోజు పదాలు తగ్గి మైనస్ వస్తుంది, అది మంచి రోజే.

అసలు విలువంతా ‘ఎక్కడ ఆపాను’ గడిలో ఉంది. నిరుడు రాసుకున్న ఒక వరస ఇలా ఉంది: ‘శేషమ్మ నెహ్రూ బస్టాండులో దిగింది. చేతిలో సంచి లేదు. ఆ సంగతి ఆమెకి ఇంకా తెలియదు. ముందు కొడుక్కి ఫోన్.’ అంతే. మర్నాడు ఐదింటికి లేచి అది చదివితే చాలు, వెనక్కెళ్లి పది పేజీలు తిరగేయక్కర్లేదు. నాలాగా గంట కంటే దొరకనివాళ్లకు ఈ ఒక్క గడి కోసమైనా షీటు పెట్టుకోమంటాను.

ఐదో గడి విలువ రెండేళ్లు గడిచాక తెలిసింది. ఫిల్టరు పెట్టి చూస్తే మార్చిలో ‘ఇయర్ ఎండింగ్’, మేలో ‘ఎండ, కరెంటు లేదు’, జూలైలో ‘రిటర్నులు’. చాలా ఆదాయపు పన్ను రిటర్నులకు జూలై 31 గడువంటే మా ఆఫీసులో రాత్రి తొమ్మిదయినా లైట్లు ఆరవు. ఇది బద్ధకం కాదు, నా ఏడాది తీరే అది. ఇప్పుడు కొత్త చిత్తు కార్తీకంలో మొదలుపెట్టి సంక్రాంతి దాకా లాగుతాను, మార్చి, జూలైల్లో పాత కథలు దిద్దుకోవడమే. ఈ పద్ధతిలో పడ్డాక రాత మధ్యలో వదిలేయడం లేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా కాలనీల్లోకి వచ్చేసింది. కింది బీరువాలో ఉన్న పాత చేతిరాత పుస్తకాలు బురదలో ముద్దయిపోయాయి, సిరా అంతా ఒకటైపోయింది. వాటి గురించి ఇప్పటికీ బాధే. షీటూ, నవల ఫైలూ నెట్‌లో ఉన్నాయి కాబట్టి మిగిలాయి. ఆ నెల వరసల్లో ‘వరద’, ‘వరద’, తర్వాత ‘ఇల్లు కడగడం’, ‘మోటారు రిపేరు’, ఆ తర్వాత ఎప్పటికో ‘పదిహేను నిమిషాలు’. పక్కింటి అమ్మాయి, తనూ కథలు రాస్తుంది, అది చూసి ‘‘ఇన్ని ఖాళీలుంటే దిగులుగా లేదా అక్కా?’’ అంది. లేదు. ఏ ఖాళీకి ఆ కారణం పక్కనే ఉంది. వారానికి 2,000 తీసేసి ‘మూడుసార్లు కూర్చోవాలి’ అని మార్చాను, ఉగాది దాకా అదే ఉంచాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్లో ఏ స్ప్రెడ్‌షీటుకైనా గడి చిన్నదే, పెద్ద వాక్యం కొట్టడం విసుగు. వేలు తగిలి ఫార్ములా చెరిగిపోవచ్చు, లెక్కలున్న వరసలకు ప్రొటెక్ట్ రేంజ్‌లో, మార్చబోతే హెచ్చరించే ఎంపిక పెట్టుకోండి. పొరపాటున చెరిగినా కంప్యూటర్లో వర్షన్ హిస్టరీ నుంచి పాతది తెచ్చుకోవచ్చు. నెట్ లేనప్పుడు తెరవాలంటే ఆఫ్‌లైన్ సెట్టింగు ముందే వేసి ఉంచాలి. నవల రాసుకునే గూగుల్ డాక్స్‌లోని పదాల సంఖ్య దానంతటదే షీటులోకి రాదు, మనమే చూసి వేసుకోవాలి. నాకది నచ్చింది, ఆ అరనిమిషంలోనే నాలుగో గడి నింపేస్తాను.

కవిత్వం రాసేవాళ్లయితే మూడో గడి తీసేయండి. దాని బదులు చిత్తు ఎన్నోదో వేసుకుంటే చాలు. మిగతా నాలుగూ ఉన్నవి ఉన్నట్టే పనికొస్తాయి.