ర్యామ్ 32 జీబీకి పెంచాక స్వాప్ ఎంత పెట్టాలి: 64, 16, 8, లేక సున్నా?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే తెలిసినవాళ్ల ఆఫీసు సర్వర్‌లో ఈమధ్య ర్యామ్ 8 జీబీ నుంచి 32కి పెంచారు. అందులో ఉబుంటు లినక్స్, దాని మీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, బిల్లింగ్, స్టాకు, కూలీల లెక్కలు. మామూలు రోజుల్లో దానికి పెద్దగా పనుండదు. వేసవిలో జీడిపిక్కలు దిగే సీజన్ వచ్చిందంటే మాత్రం ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా దాని మీద పడతాయి. పాత స్వాప్ (ర్యామ్‌లోని మెమరీలో కొంత దాచడానికి డిస్కులో పెట్టుకునే చోటు) 16 జీబీ. "ర్యామ్ నాలుగింతలైంది కదన్నా, స్వాప్ కూడా నాలుగింతలు చేసేద్దామా?" అని అక్కడి కుర్రాడు అడిగాడు. అంటే 64 జీబీ. వద్దన్నాను.

ర్యామ్‌కి రెట్టింపు స్వాప్ అన్నది ర్యామ్ మెగాబైట్లలో ఉన్న రోజుల లెక్క. లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ మాన్యువల్ ఇప్పటికీ 2 జీబీ వరకు రెట్టింపు అంటుంది, 2 నుంచి 8 వరకు ర్యామ్ ఎంతో అంత అంటుంది. 8 దాటాక 'కనీసం 4 జీబీ' అని ఊరుకుంటుంది. ర్యామ్ పెరిగేకొద్దీ స్వాప్ కూడా అదే నిష్పత్తిలో పెరగక్కర్లేదన్నమాట. స్వాప్ ఇంట్లో అటక లాంటిది. ఇల్లు పెద్దదైందని అటక మీదికి ఎక్కించే సామాను నాలుగింతలు కాదు. సర్వర్‌లో కూడా మొదలైనప్పుడు ఒకసారి వాడి మళ్లీ ముట్టుకోని మెమరీ కొంత ఉంటుంది. స్వాప్ ఉండేది దానికోసం. ఇలాంటి ఆఫీసు సర్వర్‌లో అది ఒకటి రెండు జీబీలు దాటడం అరుదు.

64 జీబీతో అసలు చిక్కు డిస్కులో చోటు పోవడం కాదు. ఏదో ఒక రిపోర్టు అదుపు తప్పి మెమరీ మింగడం మొదలుపెట్టిందనుకోండి. అంత స్వాప్ ఉంటే కెర్నల్ (మెమరీని అందరికీ పంచే లినక్స్ కేంద్ర భాగం) దాన్ని ఆపదు, స్వాప్ నిండేదాకా డిస్కుకి తోస్తూనే ఉంటుంది. పాత 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్కు చెల్లాచెదురుగా ఉన్న పేజీలను (మెమరీని కెర్నల్ విడగొట్టుకునే చిన్న ముక్కలు) సెకనుకి సుమారు వంద చదవగలదు. పేజీ 4 కేబీ. 1 జీబీ అంటే 2,62,144 పేజీలు. ఒక్కొక్కటే వెనక్కి తేవాల్సివస్తే దగ్గర దగ్గర 44 నిమిషాలు! కెర్నల్ ఎనిమిదేసి పేజీలు కలిపి తెస్తుంది కాబట్టి పక్కపక్కనున్నవి పనికొస్తే కొంత నయమే, కానీ రావాల్సింది పది జీబీ అయితే? లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ కొట్టాక తెర కదలదు. లారీ బయట నిలబడి ఉంటుంది, బిల్లు రాదు. అప్పుడు పడే టెన్షన్ కంటే తప్పు చేసిన ఆ ఒక్క ప్రోగ్రామ్ త్వరగా చనిపోవడమే మేలు.

"అలాగైతే పూర్తిగా తీసేద్దాం" అనేవాళ్లు చాలామంది. 32 జీబీ ఉండగా స్వాప్ దేనికి అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ స్వాప్ లేకపోతే ప్రోగ్రామ్‌లు తమ పనికి తీసుకున్న మెమరీని కెర్నల్ ఎక్కడికీ పంపలేదు. చోటు కావాలంటే ఫైల్ క్యాష్ (డిస్కులోని ఫైళ్లకు ర్యామ్‌లో ఉంచుకున్న నకళ్లు) ఖాళీ చేయాలి, ప్రోగ్రామ్‌ల కోడ్ పేజీలు కూడా అందులోవే. వాటిని తీసేయడం, మరుక్షణమే డిస్కు నుంచి మళ్లీ చదవడం, ఇదే పని. అంటే స్వాప్ లేకపోయినా సర్వర్ బిగుసుకుపోగలదు. ఆ తర్వాత వచ్చేది ఓఓఎం కిల్లర్, అంటే మెమరీ పూర్తిగా అయిపోతే ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపేసే కెర్నల్ ఏర్పాటు. అది ఎక్కువగా చూసేది ఎవరు ఎక్కువ మెమరీ పట్టుకున్నారన్నదే. మన సర్వర్‌లో అది మైఎస్‌క్యూఎల్. తప్పు రిపోర్టుది, పోయేది డేటాబేస్. చిన్న స్వాప్ ఉంటే అది నిండుతుండగా మనకి కనబడుతుంది, చేయి వేయడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

కరెంటు పోతే మెమరీ అంతా డిస్కులో దాచుకోవాలంటే స్వాప్ ర్యామ్ అంత ఉండాలి కదా అని ఇంకో వాదన. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ప్రాంతం కాబట్టి ఆ భయం అర్థం చేసుకోగలను. అయితే ఇలా దాచుకోవడం, అంటే హైబర్నేషన్, ల్యాప్‌టాప్‌లకు తగిన పద్ధతి. సర్వర్‌కైతే యూపీఎస్ బ్యాటరీ తగ్గగానే దానంతటదే పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోవాలి. జీర్యామ్ (మెమరీని కుదించి ర్యామ్‌లోనే దాచే స్వాప్) విషయానికొస్తే, 2, 4 జీబీల చిన్న మెషీన్లకి అది బంగారం, 32 ఉన్నచోట అవసరం లేదు.

మిగిలింది 16, 8 మధ్య బేరం. పాత 16 జీబీ ఎస్‌ఎస్‌డీ మీదే ఉండి, ఆ చోటుతో వేరే పని లేకపోతే దాన్ని కదపకండి, కొంపలేమీ మునగవు. పలాసలో అది పాత హార్డ్‌డిస్కు మీద ఉంది. అందుకని ఎస్‌ఎస్‌డీ మీద 8 జీబీ స్వాప్ ఫైల్ పెట్టించి పాతదాన్ని ఆపించాను. ఫైల్ అయినా పార్టిషన్ అయినా వేగంలో ఇప్పుడు చెప్పుకోదగ్గ తేడా లేదు, పెంచడం తగ్గించడం ఫైల్‌తోనే సులువు. ఫైల్ పర్మిషన్ 600 (ఫైల్ యజమాని మాత్రమే చదవగల, రాయగల అనుమతి) ఉండాలి, లేకపోతే మెమరీలోని రహస్యాలు ఇతరులు చదవగలరు. పాత పార్టిషన్‌ని ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లోంచి (బూట్ అయ్యేటప్పుడు ఏవేవి తగిలించాలో ఉండే జాబితా) కూడా తీసేయాలి. స్వాపీనెస్ (కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే అంకె) 60 ఉంటే 10కి దించాం. సున్నా పెడితే స్వాప్ దాదాపు లేనట్టే అవుతుంది.

మెమరీ వాడకం చూపే ఫ్రీ కమాండ్‌లో స్వాప్ 700 ఎంబీ వాడినట్టు కనబడితే కంగారు పడకండి, అది అటకెక్కిన సామాను. చూడాల్సింది వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో ఎస్ఐ (స్వాప్ నుంచి ర్యామ్‌కి వచ్చేది), ఎస్ఓ (ర్యామ్ నుంచి స్వాప్‌కి వెళ్లేది) కాలమ్‌లు. ఐదు సెకన్లకోసారి అంకెలు వచ్చేలా నడపండి. మొదటి వరుస బూట్ అయినప్పటి నుంచి సగటు, దాన్ని వదిలేయండి. ఆ తర్వాతి వరుసల్లో రెండూ సున్నా దగ్గరే ఉంటే అంతా బాగున్నట్టు. పని వేళల్లో రెండూ ఆగకుండా వందల్లో తిరుగుతుంటే సరిదిద్దాల్సింది ర్యామ్ వాడకాన్ని, స్వాప్‌ని కాదు.

స్వాప్ గురించి ఇంత ఆలోచించేవాళ్లు మైఎస్‌క్యూఎల్ బఫర్ పూల్ (డేటాను ర్యామ్‌లో ఉంచుకోవడానికి డేటాబేస్‌కి కేటాయించే చోటు) సంగతి మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది. ఎవరూ మార్చకపోతే అది 128 ఎంబీ దగ్గరే ఉంటుంది, కొన్న ర్యామ్ డేటాబేస్‌కి పూర్తిగా అందదు. పలాసలో 18 జీబీ ఇచ్చాం. ఇంకా పెంచవచ్చు గానీ, సీజన్‌లో ప్రతి కనెక్షన్ విడిగా మెమరీ తీసుకుంటుంది, రాత్రి బ్యాకప్ కూడా అదే మెషీన్ మీద నడుస్తుంది. ఈ వేసవి పిక్కలు దిగే రోజుల్లో ఎస్ఐ, ఎస్ఓ చూశాకే ఆ 18ని ముట్టుకుంటాం.