ఏడో తరం ల్యాప్‌టాప్‌పై లినక్స్ మింట్: సిరోంచలో దీర్ఘకాల వాడకం తర్వాత

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచలో తెలుగులోనూ మరాఠీలోనూ పెళ్లిపత్రికలు, దరఖాస్తులు, కరపత్రాలు చేసే మా డీటీపీ దుకాణానికి కొన్నేళ్లుగా ఆధారం ఒక సెకండ్‌హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్. ఇంటెల్ ఐ5-7200యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ దాని బలం. హార్డ్‌డిస్కు తీయించి 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని ఫ్లాష్ మెమరీ డిస్కు) వేయించాను, విండోస్ 10 బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. విండోస్ 11 ఇంటెల్ చిప్‌లలో దాదాపుగా ఎనిమిదో తరం మొదలుకొనే అధికారికంగా అంగీకరిస్తుంది, మాది ఏడో తరం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. రెండు కోర్లతో 3.1 గిగాహెర్ట్జ్ వరకు వెళ్లే ఈ చిప్‌లో పత్రికలు కూర్చలేనంత లోపమేమీ లేదు. పైన నడిచే వ్యవస్థ దాన్ని ఇంకా లెక్కలో ఉంచుకుంటుందా లేదా అన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తోందని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించింది ఎస్‌ఎస్‌డీతోనే. హార్డ్‌డిస్కులో నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెంపై కావలసిన చోటు, చదివే హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే దాదాపు 5.5 మిల్లీసెకన్లు పడుతుంది; హెడ్‌ను మోసే చేయి కదిలే సమయం దానికి అదనం. ఎస్‌ఎస్‌డీలో ఈ నిరీక్షణ మిల్లీసెకనులో చిన్న భాగమే. అయితే ఆ వేగం ఏళ్ల తరబడి నిలవాలంటే సాఫ్ట్‌వేర్ సహకారం కావాలి. మనం ఒక ఫైలు చెరిపినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ తన పట్టికలో మాత్రమే ఆ చోటును ఖాళీగా రాసుకుంటుంది, ఆ సంగతి డిస్కుకు తెలియదు. ఫ్లాష్ మెమరీలో రాసిన చోటే మళ్లీ రాయడం కుదరదు, ఒక పెద్ద బ్లాకు మొత్తాన్ని చెరపాలి. అందువల్ల ఏది పనికిరాని సమాచారమో తెలియని డిస్కు, చెరిపేసిన ఫైళ్ల ముక్కలను కూడా జాగ్రత్తగా ఒకచోటి నుంచి మరోచోటికి మోస్తూ తన శక్తిని వృథా చేసుకుంటుంది. ఏ చోట్లు ఖాళీ అయ్యాయో చెప్పే ట్రిమ్ ఆదేశాన్ని మింట్ వారానికోసారి దానంతట అదే పంపుతుంది. వందల కొద్దీ ఫొటోలు రోజూ వచ్చి పోయే మా దుకాణంలో కూడా ఫైళ్లు సేవ్ కావడం మొదటి నెలల్లో ఎలా ఉండేదో ఇప్పటికీ అలాగే ఉంది.

మా ప్రాంతపు మే నెల ఎలా ఉంటుందో విదర్భ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ చిప్‌కు తయారీదారు పెట్టిన హద్దు 100 డిగ్రీలు. దాన్ని సమీపిస్తే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యాను వేగాన్ని నియంత్రించేది మదర్‌బోర్డుపై ఉండే మరో చిన్న కంట్రోలర్. వేడిని కొలిచే సెన్సర్ల అంకెలను ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగమైన కెర్నెల్ చదివి చూపిస్తుంది కనుక యంత్రం ఎప్పుడు మందగించిందో, ఎందుకు మందగించిందో చూడగలుగుతున్నాను. వేసవికి ముందు దుమ్ము తీయించి, చిప్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు మార్పిస్తే ఆ అంకెలు దిగుతాయి. ఏ సాఫ్ట్‌వేరూ ఆ పని చేసిపెట్టదు. బ్యాటరీ 80 శాతం దాటి ఛార్జ్ కాకుండా టీఎల్‌పీ అనే ఉచిత ప్రోగ్రాంతో హద్దు పెట్టాను, కరెంటు పోయినా చేతిలో ఉన్న పని పూర్తిచేసుకునేంత బలం దానికి ఇంకా ఉంది.

వైఫై చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ (ఆ చిప్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) మింట్‌తోనే వచ్చింది, నేను వెతకవలసిన పని పడలేదు.

అక్షరాల విషయం వేరు, అది కాస్త వివరంగా చెప్పాలి. ‘స్త్రీ’ అని టైపు చేస్తే మెమరీలో నిలిచేవి యూనికోడ్ (అక్షరాలకు అన్ని యంత్రాల్లోనూ ఒకే అంకె ఇచ్చే పద్ధతి) ప్రకారం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో అవి 18 బైట్లు. ప్రాసెసర్‌కు అవి వట్టి అంకెలు. వాటికి ఒత్తులు తగిలించి ఒక్క అక్షరంగా తీర్చేది హార్ఫ్‌బజ్ వంటి షేపింగ్ ఇంజిన్, ఫాంటులో దాగిన నియమాల పట్టిక. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాంలో తెలుగు, మరాఠీ రెండూ ఒకే పేజీలో చక్కగా కూర్చుంటున్నాయి. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు ‘క’కూ దేవనాగరి ‘క’కూ ఒకే మీట కావడం రెండు భాషల మధ్య బతికే మాలాంటి వాళ్లకు ఎంతో సుఖం.

పాత ఫైళ్ల దగ్గరే చిక్కు వస్తుంది. పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు ప్రోగ్రాంలో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో కూర్చిన పత్రికలను గిరాకీలు ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌లో తెస్తారు. ఆ పద్ధతిలో అక్షరాల బొమ్మలను రోమన్ లిపి సంకేతాల స్థానాల్లో అమర్చారు కాబట్టి ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళమే కనిపిస్తుంది. వాటి కోసం ఇంటర్నెట్ తగిలించని విండోస్ 7 డెస్క్‌టాప్ ఒకటి మూలన ఉంచాను. అను ఫైళ్లే ప్రధానంగా వచ్చే దుకాణానికి ఈ మార్పును నేను సిఫారసు చేయను.

ల్యాప్‌టాప్‌లోని వేలిముద్ర సెన్సర్ ఇన్నేళ్లలో ఒక్కసారీ పనికిరాలేదు. దానికి తయారీ సంస్థ లినక్స్ డ్రైవర్ ఇవ్వలేదు, కెర్నెల్‌కు అది ఏమిటో తెలియని పరికరంగానే మిగిలింది. ఇది దుకాణానికి పెద్ద నష్టం కాదు గాని, ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే సేవ కూడా నడపాలనుకునేవారికి ఇదే అసలు ప్రశ్న. ఆ స్కానర్లు ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రాం ద్వారానే పనిచేస్తాయి. మా దగ్గరున్న స్కానర్‌కు అది విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ మాత్రమే దొరికింది కనుక ఆ పనిని ఫోనుకు అప్పగించాను. కొనబోయేవారు ముందుగా స్కానర్ వెనుక లేబుల్‌పై మోడల్ పేరు చూసుకుని, దానికి ఏ వ్యవస్థల్లో ఆర్‌డీ సర్వీసు ఉందో అమ్మేవారినే అడిగి, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ బేరం మొదలుపెట్టాలి.