జాగ్రత్త: ఎసెక్విబో వార్‌గేమ్ సినారియో ప్యాక్ కొనేముందు ఇది చదవండి

దక్షిణ అమెరికాలో గయానా చేతిలో ఉన్న ఎసెక్విబో ప్రాంతం తనదని వెనెజువెలా అంటోంది. ఈ సరిహద్దు వివాదం మీద ఒక విదేశీ ఆన్‌లైన్ దుకాణం వార్‌గేమ్ సినారియో ప్యాక్, అంటే మ్యాపు మీద యుద్ధాన్ని ఆడే ఆట సరంజామా, అమ్ముతోంది. డౌన్‌లోడ్ చేసుకుని మ్యాపు, కౌంటర్లు (దళాలను సూచించే చిన్న బిళ్లలు) మనమే అచ్చు వేయించుకునే రకం. నేటి పరిణామాలను లోతుగా పరిశోధించి తయారుచేశామని ప్రకటనలో రాశారు. ధర డాలర్లలో, దాని మీద బ్యాంకు వేసే విదేశీ లావాదేవీ రుసుము అదనం. కొని, రూల్ బుక్ అంతా చదివి, మిత్రులతో కలిసి చివరిదాకా ఆడిన మీదట చెబుతున్నాను, దీనికి డబ్బు పెట్టకండి.

ముందుగా వాతావరణ పట్టిక చూడండి. పాచిక వేస్తే ఆరు పడిందనుకోండి, ఫలితం 'ఇసుక తుఫాను, విమానాలు ఎగరవు'. గయానాలో ఇసుక తుఫాను! ఆ దేశంలో అత్యధిక భాగం వర్షారణ్యం. నైరుతి మూలన ఉన్న రుపునుని గడ్డిమైదానాల్లో మే నుంచి ఆగస్టు దాకా వానలు పడి పల్లపు నేలలన్నీ మునిగిపోతాయి. దండయాత్ర ఏ నెలలో మొదలవుతుందన్నదే అక్కడ అసలు ప్రశ్న. ఈ ఆటలో నెలల ఊసే లేదు. ఏదో పాత ఎడారి యుద్ధం ఆటలో ఊళ్ల పేర్లు మార్చి మనకు అంటగట్టారని ఈ ఒక్క పట్టికే చెబుతోంది.

మ్యాపు మరీ అన్యాయం. వెనెజువెలా వైపు తుమెరెమో నుంచి నేరుగా తూర్పుకు, అడవిని చీల్చుకుంటూ ఒక పెద్ద రోడ్డు గీశారు. ఆ గీత మీదుగా టీ-72 ట్యాంకుల దళం మూడు టర్నుల్లో గయానా రాజధాని జార్జ్‌టౌన్ చేరిపోతుంది. నిజానికి ఆ రెండు దేశాలను నేరుగా కలిపే రోడ్డే లేదు. వెనెజువెలాలోని సాంతా ఎలెనా నుంచి బయలుదేరితే బ్రెజిల్‌లో అడుగుపెట్టి పకరైమా, బోవా విస్తా, బోన్‌ఫిమ్ మీదుగా తకుతు నది వంతెన దాటి గయానాలోని లెథెమ్ చేరాలి. అక్కడి నుంచి రాజధానికి వందల కిలోమీటర్లు. అందులో చాలా భాగం మట్టి రోడ్డు, మధ్యలో కురుపుకారి దగ్గర ఎసెక్విబో నదిని కూడా దాటాలి. అంటే బ్రెజిల్ ఒప్పుకోకుండా పెద్ద సైన్యాన్ని ట్యాంకులతో సహా నేల మీద నడిపించడం దాదాపు అసాధ్యం. 2023 చివర్లో బ్రెజిల్ ఆ దారి సాగే రొరైమా రాష్ట్రంలో అదనపు బలగాలను దించింది అందుకే. ఈ మ్యాపులో బ్రెజిల్ సరిహద్దు దగ్గరే కాగితం అయిపోతుంది. బ్రెజిల్‌కు ఒక్క కౌంటరూ లేదు. ఈ వివాదం మీద ఆట రాసేవాడు మొట్టమొదట ఆలోచించాల్సిన విషయాన్నే వదిలేశారు.

గెలుపు పాయింట్ల సంగతి చూస్తే, జార్జ్‌టౌన్ పట్టుకుంటే వెనెజువెలా గెలిచినట్లట. వెనెజువెలా తనదంటున్నది ఎసెక్విబో నదికి పడమటి భూభాగం, దాదాపు 1,59,500 చదరపు కిలోమీటర్లు, అంటే గయానాలో దాదాపు నాలుగింట మూడు వంతులు. జార్జ్‌టౌన్ ఆ నదికి తూర్పున, డెమెరారా నది ముఖద్వారంలో ఉంది. వాళ్లు అడగని ఊరిని పట్టుకుంటే గెలుపు ఎలా అవుతుంది? ఇక 2015లో చమురు బయటపడింది తీరానికి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో. 2025 మార్చి 1న వెనెజువెలా గస్తీ నౌక అక్కడ చమురు తీసే నౌకల దగ్గరకు వచ్చిందని గయానా నిరసన తెలిపింది. ఈ ప్యాక్‌లో సముద్రమంటే మ్యాపు అంచున నీలిరంగు పట్టీ, అంతే.

రాజకీయం గురించి కూడా చెప్పాలి. ఈ ప్రాంతాన్ని అప్పటి బ్రిటిష్ గయానాకు ఇచ్చిన 1899 పారిస్ మధ్యవర్తిత్వ తీర్పు, వివాదాన్ని శాంతియుతంగా తేల్చుకోవాలన్న 1966 జెనీవా ఒప్పందం ఉపోద్ఘాతంలో రెండు వాక్యాల్లో వచ్చి పోతాయి. 2023 డిసెంబర్ 1న అక్కడి యథాస్థితిని మార్చవద్దని అంతర్జాతీయ న్యాయస్థానం వెనెజువెలాకు మధ్యంతర ఆదేశాలిచ్చింది, 3న వెనెజువెలా ఆ ప్రాంతం మీద తన ప్రజలతో రెఫరెండం జరిపింది, 14న రెండు దేశాల అధ్యక్షులూ కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్‌లోని ఆర్గైల్‌లో కలిసి బలప్రయోగం చేయబోమని ప్రకటించారు. రెండు వారాల్లో ఉద్రిక్తత అంత పెరిగి, అంత తగ్గింది. మంచి సినారియో అంటే ఆ రెండు వారాలనే ఆడించాలి. ఎంత బెదిరించాలి, ఎక్కడ ఆగాలి, ఎవరిని మధ్యలోకి పిలవాలి అన్నవి ఆటగాడు తేల్చుకోవాలి. ఇక్కడ మొదటి టర్నులోనే యుద్ధం ప్రకటించేసి ఉంటుంది, వెనక్కి తగ్గే నియమమే లేదు.

నన్ను అన్నిటికంటే బాధించింది మాత్రం మ్యాపులో ఎసెక్విబో ప్రాంతమంతటా 'నిర్జనం' అని రాయడం. రుపునునిలో మకుషి, వపిషానా ఆదివాసులున్నారు. తీరాన అన్నా రెజీనా చుట్టూ వరి పండించే రైతుల్లో ఎందరో భారత సంతతివారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో కూలీలుగా గయానాకు తరలిపోయినవారిలో మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తెలుగువాళ్లూ ఉన్నారు. మన దేశం 2024లో గయానా సైన్యానికి అందించిన రెండు డోర్నియర్ విమానాలకు కూడా కౌంటర్లు లేవు. నేటి పరిణామాలంటూ అమ్మే సరుకులో ఇది ఉండాల్సింది కాదా?

తప్పులన్నీ పేజీల వారీగా రాసి డబ్బు వాపసు అడిగాను. డౌన్‌లోడ్ అయిన సరుకుకు వాపసు లేదని ఒక్క వాక్యం జవాబు. సమీక్ష పంపితే ప్రచురించలేదు. కార్డు ఇచ్చిన బ్యాంకులో వివాదం నమోదు చేశాను, ఇంకా తేలలేదు. మీలో ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే ప్రకటన పేజీ ఫొటో, రసీదు, వాతావరణ పట్టిక పేజీ దాచిపెట్టుకుని వెంటనే మీ బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. గడువు దాటితే తీసుకోరు.

ఇదే దుకాణం చిలీ, బొలీవియా సముద్ర దారి వివాదం మీద మరో ప్యాక్ తెస్తున్నట్లు ప్రకటించింది. డబ్బు కట్టేముందు పూర్తి మ్యాపు, గెలుపు నియమాల పేజీ చూపించమని అడగండి. 2018 అక్టోబర్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం చిలీకి అనుకూలంగా ఇచ్చిన తీర్పు ఆ నియమాల్లో ఎక్కడుందో వెతకండి. పేజీలు చూపించకపోతే కొనవద్దు.